వాసన లేని బండి

ప్లంబరుకి పానాలుంటే చాలదా, బండెందుకు అని ఎవరైనా అడిగితే హరిబాబు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ జవాబు పేరు లీలారాణి. ఎచ్చెర్లలో యూనివర్సిటీకి దగ్గరగా ఆవిడ ఆడపిల్లల హాస్టలు కట్టిస్తోంది. రెండంతస్తులు, గదికో బాత్రూము. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనా, ఎదుటి మనిషి గడ్డాలు పెంచుకున్న పెద్దవాడైనా సరే, ఆవిడ కంటికి ఆరో తరగతి పిల్లాడిలాగే కనిపిస్తాడు. హరిబాబుని ఇసక కుప్ప పక్కన నిలబెట్టి తేల్చి చెప్పేసింది.

"ఆటోలో రెండు పైపులు, బస్సులో ఒక కమోడు మోసుకొచ్చే రకం నాకొద్దు. సామానంతా శ్రీకాకుళం నుంచి నీ సొంత బండిలో నువ్వే తెచ్చుకోవాలి. సోమవారం పొద్దున్న బండితో వస్తే పని నీది. రాకపోతే జోగయ్యకి ఫోన్ చేస్తాను."

ఆ జోగయ్య మేస్త్రి దగ్గరే వాడు ఏళ్ళ తరబడి పైపులు మోశాడు, గోడలు తొలిచాడు, తిట్లు తిన్నాడు. పోయిన నెలే, పదిమంది చూస్తుండగా, "నీ కింద పనిచేసే ఖర్మ నాకేటి, నాను సొంతంగా సేసుకుంటాను" అని పానా నేలకేసి కొట్టి మరీ బయటికొచ్చాడు. ఈ హాస్టలు పని చేజారితే ఆ పానా ఏరుకుని, అదే జోగయ్య గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అంతకంటే పెద్ద చెరువేదైనా చూసుకోవడం మేలు అనుకున్నాడు.

కాబట్టి బండి కావాలి. చవగ్గా కావాలి. చీటీ పాడిన డబ్బుంది. తండ్రి సూరయ్య పడవలో తన వాటా అమ్మేసి ఇచ్చింది ఇంకొంత ఉంది. రెండూ కలిపినా కొత్త బండి అద్దం కూడా తాకనివ్వరు. పాత బండే గతి. పాత బండికి వాడు పెట్టిన షరతు మాత్రం ఒకటే. చేపల వాసన ఉండకూడదు.

వాడి సంగతి కొంచెం చెప్పాలి. హరిబాబు పుట్టింది కళింగపట్నం దారిలో సముద్రం ఒడ్డున ఉన్న పేటలో. తాత వేటకెళ్ళాడు, తండ్రి వేటకెళ్ళాడు, తల్లి కూర్మమ్మ నెత్తిన తట్ట పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మింది. వీడు మాత్రం అరసవల్లిలో గది అద్దెకి తీసుకుని, పొద్దునొక సబ్బూ సాయంత్రమొక సబ్బూ వాడుతూ, ఎవరైనా ఊరడిగితే "అరసవల్లి అండి" అనేవాడు. పేట నుంచి ఎవరైనా గదికొస్తే, వాళ్ళు వెళ్ళగానే చాప దులిపి ఎండలో వేసేవాడు. పెళ్ళాం తులసి చేపల పులుసు పెడితే కిటికీలు మూయించేవాడు. పులుసు మాత్రం రెండుసార్లు వడ్డించుకు తినేవాడు. అంత పెద్దమనిషి.

బండ్ల బ్రోకరు యుగంధర్ది ఆమదాలవలసలో స్టేషను రోడ్డు. నల్ల కళ్ళద్దాలు, మెళ్ళో గొలుసు, నోట్లో జర్దా. అబద్ధం చెప్పే ముందు జర్దా ఉమ్మేయడం ఆయనగారి అలవాటు, అందుకని ఆ చుట్టుపక్కల గోడలన్నీ ఎర్రగా ఉండేవి. బండి చూడ్డానికి హరిబాబు వెంట సూరయ్య కూడా వచ్చాడు. డబ్బులో వాటా ఆయనది, రావద్దనే ధైర్యం హరిబాబుకి లేదు. ముసలాయన మోకాళ్ళ దాకా పంచె, భుజం మీద తువ్వాలు, నోట్లో చుట్ట. హరిబాబు ఆయనకి నాలుగడుగులు ముందు నడిచాడు.

మొదటి బండి ఒక బియ్యం వ్యాపారిది. వెనకాల నేలంతా తుప్పు తినేస్తే నూనె డబ్బాలు కోసి ఆ రేకులు అతికించారు. వాటి మీద పూరీల బొమ్మ ఇంకా చెక్కు చెదరకుండా ఉంది.

యుగంధర్ ఉమ్మేసి, "ఒక్క సేతి బండి అన్నా. ఓనరు పువ్వులా సూసుకున్నాడు" అన్నాడు.

"ఒక్క సెయ్యే," అన్నాడు సూరయ్య రేకు మీద బొటనవేలితో నొక్కి. వేలు రేకుతో సహా కిందికి దిగింది. "ఆ సెయ్యి నరికీసినా పాపం నేదు."

రెండోది ఒక కాన్వెంటు బడిది. పసుపుపచ్చ బండి, దాని మీద బాతులు. ఆ బాతుల బండిలోంచి దిగిన ప్లంబరుని నవ్వుకుంటూనైనా ఇంట్లోకి రానిస్తారేమో గానీ, లోపల సీట్ల ఎత్తున గోడంతా ఒక మట్టి చార ఉంది. అంతకు ముందు ఏడు హుద్‌హుద్ తుఫానులో ఆ బండి పీకల్దాకా నీళ్ళలో కూర్చుని లేచింది.

"అది డిజైనన్నా," అన్నాడు యుగంధర్ ఉమ్మేసి, సిగ్గులేకుండా.

"ఓహో. మరి ఇంజనులోన కూడా డిజైన్ ఏసీసినారేటి?" అని సూరయ్య బానెట్ ఎత్తాడు. లోపల ఎండిపోయిన గుర్రపుడెక్క తీగ ఒకటి చుట్టుకుని ఉంది. హరిబాబు సిగ్గుతో చచ్చాడు. బండి చూసి కాదు. తండ్రి అంత గట్టిగా, అంత పేట యాసలో, స్టేషను రోడ్డంతా వినిపించేలా మాట్లాడుతున్నందుకు.

మూడో బండి చూపిస్తూ యుగంధర్ ఉమ్మలేదు. అక్కడే ఇది మంచి బండేనని అనుమానం రావాలి. పక్కనే నిలబడ్డ ఎర్రన్న అనే చేపల వ్యాపారిది, నీలం రంగు. ఎర్రన్న పెద్ద లారీ కొనుక్కుని దీన్ని వదిలించుకుంటున్నాడు. ధర కూడా అన్నిటికంటే తక్కువ. సూరయ్య బండి చుట్టూ తిరిగాడు. పడవ చెక్క చూసినట్టు వేలి కణుపులతో ఒక్కో చోటా కొట్టి చెవి పెట్టి విన్నాడు. తువ్వాలు నేలమీద పరుచుకుని బండి కిందికి దూరి, చాలాసేపటికి మొహమంతా వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"ఐసు నీళ్ళు కారే బండికి ఇసుమంతైనా తుప్పు నేదు. ఏటి రాసేవు ఎర్రన్నా?"

"ఇంకేటి మావా, మన సొర నూనే. ఏడాదికోపాలి రాసీడమే."

సొరచేప కారిజం ఉడకబెట్టి తీసే నూనె అది. పడవలకి రాస్తారు. ఒకసారి రాస్తే ఉప్పునీళ్ళు చెక్క జోలికి రావు. ఆ వాసనకి మనుషులు కూడా రారు, అది వేరే సంగతి. పేటలో పుట్టినవాళ్ళకి అది వాసన కిందే లెక్కకాదు.

"ఒరే, ఇదే తీసీసుకో," అన్నాడు సూరయ్య. "మిగతావి బళ్ళు కావు, పీనుగులు."

హరిబాబు అప్పటికే ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచే తల అడ్డంగా ఊపాడు. సూరయ్య రోడ్డు దాటి వచ్చాడు.

"ఏటిరా నీకొచ్చిన రోగం?"

"నాను బాత్రూములు బాగుసేసీవోణ్ణి నాన్నా. ఆ బండేసుకుని ఎల్తే ముందు నన్ను కడుక్కుని రమ్మంతారు."

"పక్కోడి పాయఖానాలో సెయ్యెట్టీదానికి రాని నామోషీ సేపల బండెక్కీదానికి వస్తాదేటి?"

టీ తాగుతున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. హరిబాబు మొహం మాడిపోయింది. ఆ క్షణం నుంచీ ఆ నీలం బండి ఊరికే ఇచ్చినా తీసుకోకూడదని పంతం పట్టాడు. మంచి బండి, చవక బండి, గట్టి బండి, కళ్ళముందుంది. వద్దన్నాడు. కళ్ళు నెత్తికెక్కినవాడికి ఏ బండి కనపడుతుంది?

వాడికి నచ్చిన బండి నాలుగోది. మందుల ఏజెన్సీది, తెల్లగా మల్లెపువ్వులా ఉంది. తలుపు తీయగానే స్పిరిట్ వాసన, బిళ్ళల వాసన గుప్పుమంది. హరిబాబు కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు. ఆస్పత్రిలో నర్సులు తిరిగే చోట వచ్చే వాసన అది, చదువుకున్నవాళ్ళ వాసన. ఇంజను సంగతి అడగలేదు, టైర్ల వంక చూడలేదు. యుగంధర్ దగ్గర వేలం పాటలో పాడినట్టు తనంతట తనే ధర పెంచేశాడు. యుగంధర్ అటు వాళ్ళ దగ్గరా ఇటు వీళ్ళ దగ్గరా కమీషను పుచ్చుకుని, ఆ రోజుకి కొట్టు కట్టేసి సినిమాకి పోయాడు.

సూరయ్య కింద దూరి చూసొచ్చాడు. ఈసారి మొహం వెలగలేదు.

"కిందంతా తుప్పు కొట్టీసింది. రెండు వానలు పడితే నీ పైపులు రోడ్డుమీద రాల్చుకుంటా ఎల్తావు. కుక్క కూడా వాసనతో పాటు రుచి సూసుకుంటాది గదరా. ఉత్త వాసన సూసి బండి కొన్నోణ్ణి నిన్నే సూసినాను."

"సూసినావు గదా. ఇంక పద," అన్నాడు హరిబాబు.

అది శనివారం. మర్నాడు ఆదివారం, సూర్యుడి వారం. అరసవల్లిలో ఆదివారం గుడికొచ్చే జనంతో సైకిలు పెట్టుకోవడానికి కూడా చోటుండదు. హరిబాబు ఉండే సందులో ఐతే చెప్పులు విడవడానికే కొట్లాటలు. గత్యంతరం లేక కొత్త బండిని పేటలో తండ్రి ఇంటి ముందు పెట్టి, బస్సెక్కి అరసవల్లి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తల్లితో, "సేపల తట్టలు బండికి ఆనించి ఎట్టకండి. వలలు దాని మీద ఆరెట్టకండి. అసలెవుల్నీ ముట్టుకోనీకండి" అని, అదేదో పెళ్ళికూతురన్నట్టు చెప్పి వెళ్ళాడు. ఆదివారమంతా శ్రీకాకుళంలో పైపుల కొట్టు చుట్టూ తిరిగి, కావలసిన సామాను పక్కకి తీయించి పెట్టాడు.

సోమవారం మొదటి బస్సుకి పేటలో దిగాడు. బండి చుట్టూ పిల్లులు కూర్చుని ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, పేటలో ఉన్న పిల్లులన్నీ. కొన్ని బండి కింద, కొన్ని పైన, ఒకటైతే తలుపు సందులో ముక్కు పెట్టి భక్తిగా నాకుతోంది. ఇంకో నాలుగడుగులు వేసేసరికి వాసన వచ్చి మొహాన కొట్టింది.

సూరయ్య అరుగు మీద కూర్చుని మోచేతుల దాకా నల్లగా మెరిసిపోతున్న చేతుల్ని గోనెగుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఒచ్చినావేటి. నిన్నంతా దీని పనే. తుప్పంతా గీకీసి కింద సొర నూనె రాసేను. ఆరినాక మళ్ళీ రాసేను. లోన నేలకీ రాసేను. తలుపు సందుల్లోన గుడ్డతో కూరి మరీ రాసేను. ఇంక నువ్వు ముసిలోడివైనా ఈ బండికి తుప్పు రాదు. కొత్త పడవక్కూడా ఇంత నూనె పట్టనేదురా."

హరిబాబు పిల్లుల్ని తరుముకుంటూ అరుగు దగ్గరికొచ్చాడు.

"నీకు బుద్దుందా? నిన్ను ముట్టుకోమన్నానేటి? ఆ ఎదవ నూనె పడవకి రాసుకో, నీ ఒంటికి రాసుకో! నా బండెందుకు నాశనం సేసినావు? మీ బతుకంతా కంపే, నా బతుక్కి కూడా అంటించీదాకా నిద్దరట్టదేటి?"

కూర్మమ్మ తట్ట చంకనెట్టుకుని వచ్చి బండి దగ్గర ముక్కు ఎగబీల్చింది. "కంపేటిరా? నాకేటీ రానేదే," అంది. ఎగతాళికి కాదు. నిజంగానే రాలేదు.

సూరయ్య మాత్రం గోనెగుడ్డ పక్కన పెట్టి నెమ్మదిగా లేచాడు. "కంపైతే రెండు నెలల్లో పోతాది. తుప్పైతే బండే పోతాది. ఏది కావాలో నీకు తెల్దు. సదువుంటే కదా."

తిట్టుకుంటూ కూర్చోడానికి టైము లేదు. హరిబాబు సబ్బు పొడి తెచ్చి లోపలంతా తోమాడు. నూనె మీద నీళ్ళు జారిపోయాయి. అగరొత్తులు కట్టకి కట్ట వెలిగించి సందుల్లో గుచ్చాడు. ఇప్పుడా వాసన చేపల బజారులో ఎవరో పూజ మొదలెట్టినట్టుగా మారింది. ఇంకేమీ చేయలేక తాళం తిప్పాడు. పక్క తలుపు తీసుకుని సూరయ్య ఎక్కి కూర్చున్నాడు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. కొత్త పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగేటప్పుడు ఇంటి పెద్ద ఎక్కి కూర్చోవాలి, అది పేటలో ఆనవాయితీ. ఇది పడవ కాదు మొర్రో అని చెప్పే ఓపిక హరిబాబుకి లేదు. కూర్మమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అవి చితికాయి. వాటి వాసన ఎవరికీ తెలియలేదు.

శ్రీకాకుళంలో పైపుల కొట్టువాడు సామాను ఎక్కిస్తూ, "వంజరం చేపలున్నాయా?" అని అడిగాడు. హైవే మీద వెనక వచ్చిన ఆటోలన్నీ హారన్ కొట్టి మరీ దాటుకుపోయాయి.

హాస్టలు ముందు బండి ఆగేసరికి లీలారాణి మేస్త్రీలకి టిఫిన్ లెక్క చెబుతోంది. ఆ మాట సగంలో ఆపేసి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సూరయ్య వెనక తలుపు తీసి, పైపుల కట్ట భుజానికెత్తుకుంటున్నాడు.

"ఏమిటయ్యా ఇది? నేను ప్లంబర్ని రమ్మన్నానా, చేపల బండిని రమ్మన్నానా?"

"ప్లంబర్నే కదండీ మేడమ్," అన్నాడు హరిబాబు. ఆవిడ ముందు వాడి భాషకి ఇస్త్రీ పెట్టినట్టుంటుంది.

"మరి ఈ కంపేమిటి? వచ్చే నెల పిల్లల అమ్మానాన్నలు చూడ్డానికొస్తారు. ఇది గేటు ముందుంటే సెప్టిక్ ట్యాంకు పొంగిందనుకుంటారు. నిజం చెప్పు. మీది చేపల కుటుంబమా? ముందే చెప్తున్నాను, వాళ్ళని పెట్టుకుని ఒకసారి చేతులు కాల్చుకున్నాను. సముద్రంలో చేప పడిందని కబురొస్తే చాలు, పని మధ్యలో వదిలేసి పరిగెడతారు." ఆవిడ చేతిలోకి ఫోన్ వచ్చింది. "జోగయ్య నంబరు ఇందులోనే ఎక్కడో ఉండాలి."

జోగయ్య గుమ్మం, నేలమీది పానా, నవ్వే పదిమంది మొహాలు ఒక్కసారిగా హరిబాబు కళ్ళముందుకొచ్చాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యయ్యో, లేదండి మేడమ్. మాది అరసవల్లి అని చెప్పాను కదండీ. ఇది సెకండ్ హ్యాండ్ బండి. మొన్ననే కొన్నాను, చేపలోళ్ళ దగ్గర. వాళ్ళకి శుభ్రం ఎక్కడేడ్చిందండీ, మీకు తెలీనిదేముంది." ఆవిడ ఇంకా ఫోను దించలేదు. వీడి చెయ్యి లేచి వెనక్కి చూపించింది. "అదిగోండి, అమ్మినాయన ఆయనే. కాయితాల పనుంటే కూడా తీసుకొచ్చాను."

సూరయ్య భుజం మీద పైపులతో అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా పెద్దాయనా," అంది లీలారాణి, "కుర్రాడికి ఈ కంపు బండి అంటగట్టావా?"

సూరయ్య కొడుకు వంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. సంతలో పుచ్చిన సరుకుని తీసి మళ్ళీ కింద పెట్టేసేటప్పుడు చూస్తారే, అలా చూశాడు. తర్వాత పైపులు ఒక్కటి కూడా చప్పుడు చేయకుండా కిందికి దించి, తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన అలా నిలబడగా హరిబాబు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అవునమ్మా. బండి నాదే. సేపలోణ్ణే. నానే అమ్మీసినాను. మాకు సుబ్రమెక్కడిది తల్లీ? ఈ బాబు సదువుకున్నోడు, మా మాటలిని మోసపోనాడు. ఆ బాబుకీ సేపలకీ ఏటీ సమ్మందం నేదు. పనైతే బాగా సేస్తాడంట. మాకేటి తెలస్తాది, నలుగురూ అనుకుంతంటే ఇన్నాను."

లీలారాణి నవ్వేసింది. ఫోను సంచిలో పడేసింది. "సరే, దించండి సామాను. ఆ బండి మాత్రం వెనక వైపు పెట్టు."

పని దొరికింది. జోగయ్య పీడ వదిలింది. హరిబాబు దానికోసమే ఇన్నాళ్ళూ కలలు కన్నాడు. ఇప్పుడు ఒక్కో పైపూ దించుతూ తండ్రి మొహం చూడలేక, పైపుల మీద రాసున్న సైజులు పదే పదే చదువుకున్నాడు. సూరయ్య కమోడులన్నీ తనే మోసి, గోడ పక్కన వరసగా పెట్టాడు. కూలివాడు పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు.

సామానంతా దిగాక లీలారాణి మళ్ళీ వచ్చింది. "ముసలాయన్ని ఇంత దూరం లాక్కొచ్చి సామాను కూడా మోయించావు. బస్సు చార్జీ ఇచ్చి పంపించు," అని అక్కడే నిలబడింది. చెప్పిన లెక్క పిల్లాడు చేసేదాకా కదలని టీచరు ఆవిడ.

హరిబాబు చెయ్యి జేబులోకి వెళ్ళింది. భూమి చీలితే బాగుండుననుకున్నాడు, అది చీలలేదు. వెయ్యి రూపాయల కాయితం ఒకటి, యాభై కాయితం ఒకటి చేతికి తగిలాయి. వెయ్యి ఇస్తే ఆవిడ అడుగుతుంది, ఎందుకని. యాభై తీసి చాపాడు.

సూరయ్య రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. కాయితాన్ని కళ్ళకద్దుకున్నాడు. పేటకి కలెక్టరొచ్చినా కూర్చున్న చోటు నుంచి లేవని మనిషి నడుం వంచాడు.

"దండాలు బాబుగారూ. సల్లగుండండి," అన్నాడు.

వెనక్కి తిరగకుండా హైవే వైపు నడిచిపోయాడు. హరిబాబుకి పరుగెత్తుకెళ్ళి ఆ కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. కానీ కాలు కదల్లేదు.

"పాపం, చేపలోడైనా మర్యాదస్తుడు," అంది లీలారాణి. "ఏ ఊరాయనది? పేరేమిటి?"

హరిబాబు దించిన పైపులు సర్దుకుంటూ తలెత్తలేదు.

"తెలీదండి మేడమ్," అన్నాడు.